కాలేయాన్నీ కడుపునూ కాపాడే మొక్కలు: ఎలుకల మీద పరీక్షలు ఏం చెబుతాయి?

(మూలికల మీద జరిగే ప్రయోగాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపాం, పొడవైన వాటిని కుదించాం.)

ప్రశ్న: ఫలానా మొక్క సారం ఎలుకల్లో కాలేయాన్ని కాపాడిందని తరచు చదువుతుంటాను. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు కాలేయ వ్యాధి ఎలా తెప్పిస్తారు? మొక్క దాన్ని కాపాడిందని ఎలా తేలుస్తారు?
– బీ ఫార్మసీ విద్యార్థిని

జవాబు: వ్యాధి తెప్పిస్తారనడం కంటే విషం పెడతారనడమే సరైన మాట. ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా కనిపించే విషం కార్బన్ టెట్రాక్లోరైడ్. ఈ ద్రవాన్ని ఆలివ్ నూనెలోనో లిక్విడ్ పారాఫిన్‌లోనో కలిపి ఎలుకకు ఇస్తారు. అది కాలేయ కణంలోకి చేరాక, సైటోక్రోమ్ పీ-450 కుటుంబానికి చెందిన 2ఈ1 అనే ఎంజైము దాన్ని ట్రైక్లోరోమిథైల్ అనే ఫ్రీ రాడికల్‌గా, అంటే దేనితోనైనా వెంటనే చర్య జరిపే అస్థిర కణంగా, మారుస్తుంది. ఆ రాడికల్ కణ త్వచంలోని కొవ్వు పదార్థాల మీద పడి వాటిని గొలుసుకట్టుగా ఆక్సీకరణం చెందిస్తుంది. త్వచం దెబ్బతిని కణం చనిపోతుంది. ఆ ఎంజైము కాలేయ లంబికల (కాలేయంలోని చిన్న చిన్న విభాగాల) నడిమి సిర చుట్టూ ఉన్న కణాల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి, సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు నష్టం కూడా ఆ సిర చుట్టూనే ముందుగా కనిపిస్తుంది.

రెండో విషం మనందరికీ తెలిసిన పారాసెటమాల్. మామూలు మోతాదులో అది క్షేమకరమైన మందే. మోతాదు మించినప్పుడు మాత్రం, నాప్‌క్వి అనే చురుకైన పదార్థం కాలేయం తటస్థీకరించగలిగిన దానికంటే ఎక్కువగా తయారవుతుంది. దాన్ని పట్టి బంధించే గ్లూటాథయోన్ నిల్వలు అడుగంటాక అది కణంలోని ప్రోటీన్లకు, ముఖ్యంగా మైటోకాండ్రియాలోని వాటికి, అతుక్కుని కణాన్ని చంపుతుంది. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో హఠాత్తుగా కాలేయం విఫలం కావడానికి ప్రధాన కారణాల్లో పారాసెటమాల్ ఒకటి కాబట్టి, మనుషులకు నిజంగా జరిగే హానికి ఈ నమూనా కార్బన్ టెట్రాక్లోరైడ్ కంటే చాలా దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. అయితే తెల్ల ఎలుకలు పారాసెటమాల్‌ను బాగా తట్టుకుంటాయి. దానికి చిట్టెలుకలు నయం. రాత్రంతా ఆహారం ఆపి కిలో బరువుకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే వాటి కాలేయం స్పష్టంగా దెబ్బతింటుంది.

తేల్చడానికి మొదట చూసేది రక్తంలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే ఎంజైములు. ల్యాబ్ రిపోర్టుల్లో వీటినే ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ అని రాస్తారు. ఇవి కాలేయ కణాల లోపల ఉండవలసినవి. కణం పగిలితే రక్తంలోకి వస్తాయి. విషం మాత్రమే ఇచ్చిన జంతువుల్లో ఇవి ఎన్నో రెట్లు పెరిగి, విషంతో పాటు మొక్క సారం కూడా ఇచ్చిన వాటిలో అంతగా పెరగకపోతే, సారం ఏదో చేసిందని అర్థం. వీటితో పాటు బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొలుస్తారు. కాలేయం తన పని తాను చేస్తున్నదా అన్నది అల్బుమిన్ అనే ప్రోటీన్, ప్రోత్రాంబిన్ సమయం (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) చెబుతాయి. చివరికి కాలేయాన్ని పలుచటి పొరలుగా కోసి, హీమటాక్సిలిన్–ఇయోసిన్ రంగులు వేసి చూస్తారు. ఎంజైములు తగ్గాయని రాసి, కణజాల చిత్రాలను మొక్కుబడిగా ఒక మూల అచ్చు వేసిన పరిశోధన పత్రాన్ని నేను కొంత అనుమానంతోనే చదువుతాను. ఏఎల్‌టీ తగ్గడం ఒక్కటే ఎప్పుడూ శుభవార్త కాదు. మిగిలిన కాలేయ కణాలే తక్కువైనప్పుడు కూడా ఆ అంకె దిగివస్తుంది.

ఇక అసలు చిక్కు ఇది. పైన చెప్పిన రెండు విషాలూ వాటంతట అవి పెద్దగా హాని చేయవు. కాలేయంలోని ఎంజైములు వాటిని మార్చిన తర్వాతే హానికరం అవుతాయి. చాలా ప్రయోగాల్లో మొక్క సారాన్ని వారం పది రోజుల ముందు నుంచి ఇచ్చి, ఆ తర్వాత విషం ఇస్తారు. ఆ సారంలో 2ఈ1 వంటి ఎంజైమును అడ్డుకునే పదార్థం ఏదైనా ఉంటే విషం అసలు తయారే కాదు, ఏఎల్‌టీ పెరగదు, మొక్క కాలేయాన్ని కాపాడిందని పత్రం రాస్తారు. నిజానికి అక్కడ కాలేయానికి ఒరిగిందేమీ లేదు. వైరస్ వల్లనో మద్యం వల్లనో ఇప్పటికే దెబ్బతిన్న కాలేయానికి అలాంటి మొక్క ఏ మాత్రం పనికిరాకపోవచ్చు. పైగా రోగి వాడే ఇతర మందుల జీవక్రియనూ అది తారుమారు చేయవచ్చు. ఈ పొరపాటు మొక్క లేకుండా కూడా జరుగుతుంది. నీటిలో కరగని సారాలను కరిగించడానికి వాడే డీఎంఎస్‌వో అనే ద్రావకం పారాసెటమాల్ మార్పును అడ్డుకుని స్వయంగా కాలేయాన్ని కాపాడగలదు. అందుకే విషం మాత్రమే ఇచ్చే సమూహానికి కూడా అదే ద్రావకాన్ని అంతే పరిమాణంలో ఇచ్చారో లేదో ఏ పత్రంలోనైనా ముందుగా చూడవలసిన విషయం.

ప్రశ్న: ప్రతి పరిశోధనలోనూ పోలిక కోసం సిలిమారిన్ వాడతారు. అది కాలేయ వ్యాధులకు రుజువైన మందేనా?
– ఒక పాఠకుడు

జవాబు: మిల్క్ తిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసిన ఫ్లావనోలిగ్నాన్లనే పదార్థాల సముదాయం సిలిమారిన్. అందులో ప్రధానమైనది సిలిబిన్. ఎలుకల్లో అది నమ్మకంగా పనిచేస్తుంది కాబట్టి పోలికకు ప్రామాణికంగా స్థిరపడింది. అమానిటా ఫల్లాయిడిస్ అనే విషపు పుట్టగొడుగు తిన్నవారికి ఐరోపాలో సిలిబిన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తారు. పుట్టగొడుగు విషం కాలేయ కణంలోకి చొరబడే ద్వారాన్ని అది అడ్డుకుంటుంది. అంతటి మందు దీర్ఘకాలిక వ్యాధిలో ఏం చేసిందో చూడండి. అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ చికిత్సకు లొంగని హెపటైటిస్ సీ రోగులు 154 మందికి సిలిమారిన్‌ను 420 లేదా 700 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు 24 వారాలు ఇచ్చి, డమ్మీ మాత్రతో పోల్చారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల్లో ఏఎల్‌టీ విషయంలో డమ్మీ మాత్రకూ సిలిమారిన్‌కూ తేడా కనిపించలేదు. కొలబద్దగా పెట్టుకున్న మందే అలా ఉన్నప్పుడు, "సిలిమారిన్‌తో సమానంగా పనిచేసింది" అన్న వాక్యానికి ఎంత బరువు ఇవ్వాలో మీరే ఆలోచించుకోవచ్చు.

ప్రశ్న: కడుపులో పుండ్లను తగ్గించే మొక్కలను పరీక్షించడానికి ఎలుకకు సారాయి పట్టిస్తారని చదివి ఆశ్చర్యపోయాను. మనుషులకు వచ్చే అల్సర్ అలా రాదు కదా? దాని వల్ల ఏం తెలుస్తుంది?
– ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. ఆహారం ఆపిన ఎలుక కడుపులోకి గొట్టం ద్వారా శుద్ధ ఇథనాల్‌ను, అంటే సారాయిలో ఉండే ఆల్కహాల్‌ను, ఒకటి రెండు మిల్లీలీటర్లు వదిలితే, గంటలోపే జీర్ణాశయం లోపలి పొర మీద పొడవాటి ఎర్రని చారలు లేస్తాయి. ఇవి రక్తస్రావంతో కూడిన గాయాలు. ఆమ్లంతో వీటికి పెద్దగా సంబంధం లేదు. ఇథనాల్ నేరుగా పొరను, దాని కింది సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ఆ చారల పొడవును, వైశాల్యాన్ని కొలిచి అల్సర్ సూచిక అనే అంకె రాస్తారు. కొలిచే వ్యక్తికి ఏ ఎలుక ఏ సమూహానిదో తెలియకూడదు. ఈ చిన్న నియమాన్ని పాటించనిచోట ఆ అంకె పెద్దగా నమ్మదగినది కాదు, ఎందుకంటే చార ఎక్కడ ముగిసిందో నిర్ణయించేది చూసే కన్నే.

మనుషుల వ్యాధికి దగ్గరగా ఉండే నమూనా ఇండోమెథాసిన్ అనే నొప్పి మాత్రది. నొప్పి మాత్రలు సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైమును ఆపి ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. ఆ ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయ పొరకు శ్లేష్మాన్ని, బైకార్బొనేట్‌ను, రక్తప్రసరణను నిలబెడుతుంటాయి. కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మాత్రలు వాడేవారి కడుపులో జరిగేది ఇదే. మూడో పద్ధతి 1945లో షే బృందం ప్రవేశపెట్టినది. జీర్ణాశయం నుంచి పేగుల్లోకి వెళ్లే దారిని దారంతో ముడివేస్తే ఆమ్లం లోపలే పేరుకుంటుంది. కొన్ని గంటల తర్వాత ఆ రసం పరిమాణాన్ని, ఆమ్లతను కొలవవచ్చు. మొక్క ఆమ్లాన్ని తగ్గిస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఇది మంచి పద్ధతి. అయితే ఇందులో పుండ్లు ఎక్కువగా లేచేది ఎలుక జీర్ణాశయపు ముందరి భాగంలో. గ్రంథులు లేని ఆ భాగం మనిషి జీర్ణాశయంలో లేనే లేదు. కాబట్టి షే ఎలుకలో పుండ్ల సంఖ్య కంటే రసం లెక్కలకే నేను విలువ ఇస్తాను. పుండు మానడాన్ని పరీక్షించాలంటే ఇవేవీ చాలవు. అసిటిక్ ఆమ్లంతో లోతైన పుండు చేసి, అది ఏర్పడిన తర్వాత మందు మొదలుపెట్టి, రోజుల తరబడి చూడాలి. పుండు రాకుండా ఆపడం, వచ్చిన పుండును మాన్పడం వేర్వేరు పనులు. పత్రాల్లో మాత్రం రెండింటికీ అల్సర్‌ను తగ్గించడమనే ఒకే మాట వాడేస్తుంటారు.

ఇథనాల్ నమూనాలో పైకి కనిపించని మరో ఉచ్చు ఉంది. 1979లో ఆండ్రే రాబర్ట్ బృందం ఎలుకలకు అతి కొద్ది మోతాదులో ప్రోస్టాగ్లాండిన్లు ఇచ్చి, తర్వాత శుద్ధ ఇథనాల్, గాఢ ఆమ్లం, క్షారం, చివరికి మరిగే నీరు పోసినా జీర్ణాశయం దెబ్బతినకుండా నిలవడం చూపింది. ఆమ్లాన్ని తగ్గించకుండానే కలిగిన ఈ రక్షణకు కణ రక్షణ అని పేరు పెట్టారు. ఆ తర్వాత అదే బృందం ఇంకో సంగతి కనిపెట్టింది: పలుచని ఇథనాల్ వంటి స్వల్పంగా మంట పుట్టించే పదార్థాన్ని ముందుగా ఇస్తే, జీర్ణాశయం తనకు తానే ప్రోస్టాగ్లాండిన్లు తయారుచేసుకుని, ఆ తర్వాత వచ్చే గాఢమైన దెబ్బను తట్టుకుంటుంది. ఇప్పుడు మొక్క సారం సంగతి ఆలోచించండి. ఘాటైన, వగరైన, చేదైన సారాన్ని గంట ముందు ఎలుక కడుపులో పోసి తర్వాత ఇథనాల్ పోస్తే చారలు తగ్గాయి. ఆ సారం కడుపును కాపాడిందా, లేక అది కడుపును కొద్దిగా రేపినందువల్ల కడుపు తనను తాను కాపాడుకుందా? సారాన్ని మాత్రమే ఇచ్చి, ఇథనాల్ ఇవ్వకుండా, పొరను సూక్ష్మదర్శిని కింద చూసే ఒక అదనపు సమూహం ఉంటే తప్ప దీనికి సమాధానం దొరకదు. వగరు రుచినిచ్చే టానిన్లు ఎక్కువగా ఉన్న మొక్కలైతే పైపొర ప్రోటీన్లను గడ్డకట్టించి పూతలా పనిచేస్తాయి. అది కూడా రక్షణే కానీ పూతగా ఉన్నంతసేపే.

ఇక మనుషుల అల్సర్ విషయానికి వస్తే, నొప్పి మాత్రల వల్ల వచ్చేవి పోగా మిగిలిన వాటిలో ఎక్కువ భాగానికి కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. దీన్ని గుర్తించిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను పెంచిన ద్రవాన్ని స్వయంగా తాగి జీర్ణాశయ వాపు తెచ్చుకున్నాడు. ఇథనాల్ పోసిన ఎలుకలో ఈ బాక్టీరియా ఉండదు. ఆ నమూనాలో గెలిచిన మొక్క బాక్టీరియా ఉన్న మనిషి పుండును మాన్పుతుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు; బాక్టీరియాను నిర్మూలించే యాంటీబయాటిక్ చికిత్సను ఆ ఆశతో వాయిదా వేయడం ప్రమాదకరం.

ప్రశ్న: కామెర్లకు నేల ఉసిరి రసం తాగి తగ్గినవారిని మా పెద్దల కాలం నుంచి ఎంతోమందిని చూశాం. మళ్లీ ఎలుకల మీద పరీక్షలు అవసరమా? అనుభవం రుజువు కాదా?
– ఒక వైద్య కుటుంబానికి చెందిన పాఠకుడు

జవాబు: అనుభవం మంచి ప్రశ్నను ఇస్తుంది, ఆ ప్రశ్న ఇవ్వడం చిన్న విషయమేమీ కాదు. కానీ కామెర్ల విషయంలో అనుభవం మనల్ని సులభంగా మోసగించగలదు. కామెర్లకు తరచు కారణమయ్యే హెపటైటిస్ ఏ వైరస్ సోకిన వారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో కోలుకుంటారు. రెండో వారంలో ఏ ఆకు రసం తాగినా, మూడో వారంలో వచ్చిన ఉపశమనం ఆ ఆకు ఖాతాలోకే వెళుతుంది. తగ్గనివారు ఆసుపత్రికి వెళ్లిపోతారు, వారి కథ ఆ ఇంటి జ్ఞాపకంలో నిలవదు.

నేల ఉసిరి కథ దీనికి చక్కటి ఉదాహరణ. 1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బీ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ పొందిన బ్లూమ్‌బర్గ్ కూడా భాగస్వామిగా, ఒక ప్రయోగం ప్రచురించింది. ఆ వైరస్‌ను ఏళ్ల తరబడి ఒంట్లో మోస్తున్నవారికి ఫిల్లాంథస్ అమారస్ మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల గుళికలుగా రోజుకు మూడుసార్లు 30 రోజులు ఇచ్చారు. మొక్క తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్ (వైరస్ ఒంట్లో ఉందని తెలిపే దాని పైపొర ప్రోటీన్) కనిపించకుండా పోయింది. డమ్మీ మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. వైద్య ప్రపంచం ఉలిక్కిపడే ఫలితమది. తర్వాత థాయిలాండ్‌లో, నెదర్లాండ్స్‌లో ఇతర బృందాలు చేసిన ప్రయోగాల్లో మాత్రం ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2011లో వైద్య ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించే కొక్రేన్ సంస్థ ఈ మొక్క మీది ప్రయోగాలన్నింటినీ పరిశీలించి, డమ్మీ మందుతో పోల్చినప్పుడు దీర్ఘకాలిక హెపటైటిస్ బీలో మేలు చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

ఎందుకిలా జరిగిందన్న చర్చలో మొక్క గుర్తింపు కూడా ఒక అంశం. మన పుస్తకాల్లో ఫిల్లాంథస్ నిరురి అని చాలాకాలం రాస్తూ వచ్చిన పేరు కింద నిజానికి అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అనే మూడు వేర్వేరు జాతులు కలిసి ఉన్నాయి. అసలు నిరురి అమెరికా ఖండాల మొక్క. చేతిలో పట్టుకుంటే మూడూ ఒకలాగే కనిపిస్తాయి, ఆకుల కింద వరుసగా పచ్చని కాయలతో. వాటిలోని ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ వంటి పదార్థాల పాళ్లు మాత్రం ఒకటి కావు. ఒకే జాతిలో కూడా నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారతాయి. అందువల్ల మొక్కను పరీక్షించామని చెప్పేవారు ముందుగా వృక్షశాస్త్రజ్ఞుడి చేత జాతిని నిర్ధారింపజేసి, ఎండబెట్టిన నమూనాను హెర్బేరియంలో (ఎండు మొక్కల భాండాగారంలో) సంఖ్యతో భద్రపరచి, సారంలో ఆ మొక్కను గుర్తించడానికి ఎంచుకున్న పదార్థం ఎంత శాతం ఉందో హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతిలో కొలిచి రాయాలి. ఇది లేని పత్రాన్ని మరొకరు తిరిగి చేసి చూడడం అసాధ్యం, ఎందుకంటే వారు చేసేది వేరే మొక్క మీద కావచ్చు. సంప్రదాయం నీటితో కాచిన కషాయాన్నో పచ్చి రసాన్నో వాడితే, ప్రయోగశాల మెథనాల్‌తో తీసిన సారాన్ని పరీక్షించి సంప్రదాయం రుజువైందని రాయడం కూడా మీ వంటి వైద్య కుటుంబాలు అభ్యంతరం చెప్పవలసిన విషయమే.

ప్రశ్న: ఎలుకల మీద ఒక మొక్క సారం 400 మిల్లీగ్రాముల మోతాదులో బాగా పనిచేసిందని ఒక పరిశోధన పత్రంలో రాశారు. అంటే నేను రోజుకు 400 మిల్లీగ్రాముల పొడి తీసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదు, తీసుకోనూ వద్దు. ఆ 400 అన్నది ఎలుక శరీర బరువులో ప్రతి కిలోకు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఎలుక మోతాదును 6.2తో, చిట్టెలుక మోతాదును 12.3తో భాగిస్తే మనిషికి సమానమైన మోతాదు అంచనాగా వస్తుంది. 400ను 6.2తో భాగిస్తే కిలోకు దాదాపు 64.5 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల సారం. సారం ఎండిన మొక్క బరువులో పదో వంతు వస్తుందనుకుంటే, దాని వెనుక రోజుకు 39 గ్రాముల ఎండు మొక్క ఉండాలి. మీరు అడిగిన పొడి అందులో వందో వంతు మాత్రమే.

అసలు 200, 400 అనే అంకెలే ప్రతి పత్రంలో ఎందుకు కనిపిస్తాయో కూడా చెప్పాలి. రసాయనాల భద్రతా పరీక్షలకు ప్రమాణాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 423వ మార్గదర్శకం ప్రకారం కొద్ది ఎలుకలకు ఒకేసారి కిలోకు 2000 మిల్లీగ్రాములు ఇచ్చి 14 రోజులు గమనిస్తారు. అవి చనిపోకపోతే ఆ 2000లో పదో వంతును, అయిదో వంతును ప్రయోగానికి మోతాదులుగా తీసుకోవడం అలవాటైపోయింది. సంప్రదాయంలో మనిషి తీసుకునే మోతాదు నుంచి లెక్కకట్టి వచ్చినవి కావు అవి. ఒక్కసారి ఇచ్చి రెండు వారాలు చూసిన ఆ పరీక్ష, నెలల తరబడి రోజూ తీసుకుంటే ఏమవుతుందో చెప్పదు. దానికి 28 రోజుల, 90 రోజుల వేరే పరీక్షలు ఉన్నాయి.

ప్రశ్న: కాలేయాన్ని కాపాడే మూలికే కాలేయానికి హాని చేయడం సాధ్యమా?
– ఒక నర్సు

జవాబు: సాధ్యమే, చేసిన మూలికలు ఉన్నాయి కూడా. ఫ్రాన్స్‌లో జర్మాండర్ అనే మొక్కను తరతరాలుగా వాడేవారు. బరువు తగ్గడానికి గుళికలుగా విస్తృతంగా అమ్మకానికి వచ్చాక కాలేయ వాపు కేసులు బయటపడి 1992లో నిషేధించారు. అందులోని టూక్రిన్ అనే పదార్థాన్ని కాలేయపు సైటోక్రోమ్ ఎంజైములే విషంగా మారుస్తాయి. గ్లూటాథయోన్‌ను అది తినేస్తుంది. మొదటి జవాబులో చెప్పిన పారాసెటమాల్ దారి ఇదే. పసిఫిక్ దీవుల పానీయమైన కావా వల్ల కాలేయం దెబ్బతిన్నదన్న కారణంతో జర్మనీ 2002లో దాని మందుల అనుమతిని రద్దు చేసింది; 2014లో అక్కడి న్యాయస్థానం ఆ రద్దును తప్పుబట్టింది, కానీ హాని నివేదికలు మాత్రం ఉన్నాయి. మన దేశంలో కోవిడ్ కాలంలో తిప్పతీగ ఎక్కువగా వాడినవారిలో, శరీరం తన కాలేయం మీదే దాడి చేసే తరహా వాపు కనిపించిందని వైద్యులు 2021, 2022లో ప్రచురించారు. అది తిప్పతీగను పోలిన మరో తీగ కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. మళ్లీ మొక్క గుర్తింపు దగ్గరికే వచ్చాం.

అతిమధురం కథ కడుపు వైపు నుంచి ఇదే చెబుతుంది. 1940ల్లో నెదర్లాండ్స్ వైద్యుడు రెవెర్స్ అతిమధురం ముద్దతో జీర్ణాశయ పుండ్లు మానడం గమనించాడు. కొందరు రోగుల ముఖం, కాళ్లు వాయడం కూడా ఆయనే గమనించాడు. ఆ మొక్కలోని ఆమ్లం నుంచి కార్బెనాక్సలోన్ అనే మందును తయారుచేశారు. 1962లో రిచర్డ్ డాల్ బృందం చేసిన ప్రయోగంలో అది జీర్ణాశయ పుండ్లను త్వరగా మాన్పింది. కానీ అదే పదార్థం కార్టిసాల్ అనే హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును మూత్రపిండాల్లో అడ్డుకోవడం వల్ల ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి, పొటాషియం పడిపోయి, రక్తపోటు పెరుగుతుంది. మరింత క్షేమకరమైన మందులు వచ్చాక దాని వాడకం తగ్గిపోయింది. పుండుకు నిజంగా పనిచేసిన మూలిక మందు ఇది. పనిచేసింది కాబట్టే దాని దుష్ఫలితాలు కూడా నిజమైనవయ్యాయి. మీ వార్డులో కారణం తెలియకుండా ఏఎల్‌టీ పెరిగిన రోగి వస్తే మందుల జాబితాతో పాటు కషాయాలు, పొడులు, గుళికల గురించి కూడా అడగండి. "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే చాలామంది లేదనే చెబుతారు.

ప్రశ్న: ఎలుకలు లేకుండా ఈ పరీక్షలు చేయలేమా? గాజు పాత్రలో యాంటీఆక్సిడెంట్ పరీక్ష చాలదా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలదు. యాంటీఆక్సిడెంట్ పరీక్షలో వాడే డీపీపీహెచ్ అనే ఊదా రంగు ద్రావణం రంగు పోగొట్టగలగడం ఒక రసాయన గుణం. చాలా ఆకుల సారాలు ఆ పని చేస్తాయి. అవి పేగులను దాటి కాలేయానికి చేరతాయో లేదో అందులో తెలియదు. హెప్‌జీ2 వంటి కాలేయ క్యాన్సర్ కణాల మీద చేసినా, వాటిలో సైటోక్రోమ్ ఎంజైములు చాలా తక్కువ కాబట్టి పారాసెటమాల్ హాని అసలు తీరులో జరగదు. అప్పుడే వేరుచేసిన కాలేయ కణాలు అంతకంటే మేలు. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు, అంటే వీలైనచోట జంతువుకు ప్రత్యామ్నాయం, సంఖ్య తగ్గింపు, బాధ తగ్గింపు, ఈ రంగంలో ముందుగా మొదలు కావలసినవి అనవసర ప్రయోగాలు మానేయడంతోనే. ఒకే మొక్కను, అదే కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో, అదే ముందస్తు మోతాదుతో మరో సమూహం ఎలుకల మీద పరీక్షించడం వల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ప్రశ్న: నా పరిశోధనలో ఒక మొక్క సారం పారాసెటమాల్ నుంచి చిట్టెలుకల కాలేయాన్ని, ఇథనాల్ నుంచి ఎలుకల జీర్ణాశయాన్ని కాపాడింది. రెండుచోట్లా సారాన్ని ముందుగానే ఇచ్చాను. "కాలేయ వ్యాధులకు, అల్సర్‌కు ఔషధం" అని శీర్షిక పెట్టవచ్చా?
– పీహెచ్‌డీ విద్యార్థి

జవాబు: పెట్టకండి. మీరు చూపినది వ్యాధికి చికిత్స కాదు. రెండు రకాల తీవ్ర హాని నుంచి ముందస్తు రక్షణ. శీర్షికలో హాని పేరు, సారం తీసిన ద్రావకం, జంతువు పేరు ఉంటే చదివేవారికి మోసం ఉండదు. థీసిస్ సమర్పించేలోపు మీ దగ్గర సమయం ఉంటే రెండు ప్రయోగాలు చేయమని నా సలహా. మొదటిది, చిట్టెలుకలకు ముందు పారాసెటమాల్ ఇచ్చి, అది నాప్‌క్విగా మారే దశ చాలావరకు ముగిసే గంటన్నర తర్వాత సారం ఇవ్వండి; అదే సమయంలో పారాసెటమాల్ విషానికి విరుగుడైన ఎన్-అసిటైల్‌సిస్టీన్ ఇచ్చిన సమూహాన్ని పోలికకు పెట్టుకోండి. అప్పుడు కూడా ఏఎల్‌టీ తగ్గి, కణజాలంలో మృతకణాల ప్రాంతం చిన్నదైతే మీ సారం ఎంజైమును అడ్డుకోవడం కంటే లోతైన పని చేస్తున్నట్లు. ముందస్తుగా ఇచ్చిన చిట్టెలుకల్లో, పారాసెటమాల్ ఇచ్చిన అరగంటకు కాలేయ గ్లూటాథయోన్ ఎంత పడిపోయిందో కూడా కొలవండి. సారం ఇచ్చిన వాటిలో అది తగ్గకుండా నిలిచి ఉంటే విషం తయారే కాలేదేమోనని అనుమానించాలి. రెండోది, ఇండోమెథాసిన్‌ను ముందుగా ఇచ్చి ప్రోస్టాగ్లాండిన్లను ఆపి, ఆ తర్వాత మీ సారం, చివరగా ఇథనాల్ ఇవ్వండి. రక్షణ మాయమైతే అది ప్రోస్టాగ్లాండిన్ల ద్వారా జరిగినదని తెలుస్తుంది. అప్పుడు సారం మాత్రమే ఇచ్చిన ఎలుకల జీర్ణాశయ పొరను పరిశీలించి, సారమే పొరను రేపుతున్నదో లేదో చూడండి. ఫలితం మీకు నచ్చనిదైనా దాన్ని అధ్యాయంలో ఉంచండి. పరీక్షకులు మొదట అడిగే ప్రశ్న అదే.